జీవమా? బేరమా?

మనుష్యుడు జంతువును చూచి మురియుట నేటిది కాదు. ఆవు నొసటి చుక్కను, గుఱ్ఱపు నడకను, పొట్టేలి కొమ్ముల వంపును చూచి ముచ్చటపడి, చేతనున్న రూకలన్నియు ధారపోసి యింటికి తోలుకొనివచ్చినవారు ప్రతి గ్రామమునను గలరు. అట్టివారిని వెక్కిరించుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుట లేదు. జంతువును చూచి ముచ్చటపడనివాడు దానిని చక్కగా పెంచలేడు. అయితే ముచ్చట వేఱు, బేరము వేఱు. ముచ్చటపడువాడు ఎదుట నిలిచిన జీవమును చూచును. బేరమాడువాడు ఆ జీవము రేపు తెచ్చిపెట్టు సొమ్మును లెక్కించును. ఈ రెండు చూపులును కలగాపులగమై, ముచ్చటయే లెక్కగా చెల్లుబాటైననాడు కొన్నవాని సంసారమునకును, కొనబడిన ప్రాణికిని ముప్పు వాటిల్లుచున్నది. ఈ సంగతిని మన మెట్టప్రాంతముల బడులలో చదువుకొను పిల్లలకు విప్పిచెప్పవలసిన అవసరము నేడు మిక్కుటముగా నున్నదని నా అభిప్రాయము.

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, ఆత్మకూరునుండి బద్వేలునకు పోవు బాటపై మర్రిపాడు ఉన్నది. ఉత్తరమున ఉదయగిరి కొండ, పడమట వెలిగొండలు, దక్షిణమున పెన్నానదిపై సోమశిల జలాశయము. జలాశయము దాపుననే యున్నను, ఈ వైపు మెట్టచేలలో పెక్కింటికి వానదేవుని దయయే ఆధారము. వాన మొగము చాటువేసిన యేట రైతుయింట పొయ్యి వెలుగుటకు తోడ్పడునవి గొఱ్ఱెయు, మేకయు. ఈ రెంటిని కలిపి యిచ్చటివారు 'జీవాలు' అందురు. "ఆయనకు ముప్పై జీవాలున్నవి" అనినచో ముప్పది గొఱ్ఱెలో, మేకలో ఉన్నవని అర్థము. ఆస్తిని లెక్కపెట్టుటకు సైతము ప్రాణమను మాటనే వాడుకొన్న భాష మనది. ఆ మాటలో నున్న వివేకమును మనము తిరిగి తలచుకొనవలసియున్నది.

ఇట్టి ప్రాంతమున, చదువు ముగించియు కొలువు దొరకని యువకుడొకడు కుందేళ్ళ పెంపకమునకు పూనుకొనెనని యూహింతము. ఇంటి వెనుక రేకుల పందిరి, పందిరి క్రింద ఇనుపతీగల గూళ్ళు, గూళ్ళలో ఇరువది తెల్ల కుందేళ్ళు. అతడు వేకువనే లేచి పచ్చిమేత కోసివేయుచున్నాడు, నీరు మార్చుచున్నాడు, గూళ్ళు శుభ్రము చేయుచున్నాడు. అంతవరకు మెచ్చుకొనదగినదే. కొంతకాలమునకు ఒక వ్యాపారి వచ్చి, "ఏమబ్బాయీ, ఈ తెల్లవాటితో నీకు మిగిలేదేమిటి? ఇదిగో, ఇది కొత్తజాతి" అని, పట్టువంటి బొచ్చును, వ్రేలాడు చెవులును గల మరియొక జంతువును అతని యొడిలో పెట్టును. అది వెచ్చగా ఒదిగి కూర్చుండును. దాని ముక్కు అల్లల్లాడుచుండును. అంతటితో సగము బేరము ముగిసినట్లే. తక్కిన సగమును వ్యాపారి నోటిలెక్క ముగించును. దీని పిల్ల యొక్కొక్కటి యింత ధర. పిల్లలన్నిటిని మేమే తిరిగి కొందుము. ఆరు నెలలలో పెట్టుబడి చేతికి వచ్చును. 'నీళ్ళలో బఱ్ఱెను ఉంచి బేరమాడినట్లు' అని మన పెద్దలు చెప్పినది యిట్టి బేరమును గూర్చియే. కొనువానికి కనబడునది వీపు మాత్రమే. కాళ్ళ సంగతియు, పొదుగు సంగతియు నీటి క్రింద నున్నవి.

పంచతంత్రములోని కుందేలు సింహమును బావికడకు తీసికొనిపోయిన కథ ప్రతి విద్యార్థియు నెఱుగును. సింహము బావిలోనికి తొంగిచూచి కనినది తన నీడనే. దానినే పరసింహమని తలంచి దుమికినది. నేటి బేరములోను కుందేలే మనుష్యుని బావికడకు తీసికొనిపోవుచున్నది. కొనువాడు జంతువు కన్నులలోనికి తొంగిచూచి, అందు తన కోరికను కనుగొని, అది జంతువు గుణమని భ్రమించుచున్నాడు. తరువాత ఎవరెన్ని చెప్పినను వినడు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు!

ఇక ఆ జంతువు నిజస్వరూపమును చూతము. తెలుగున కుందేలనియు, చెవులపిల్లి యనియు మనము రెండు వేఱు ప్రాణులను ఒకే పేరుతో పిలుచుచున్నాము. మన బీళ్ళలో తిరుగునది అడవికుందేలు. అది బొఱియ త్రవ్వదు. గడ్డిదుబ్బుల నడుమ పండుకొనును. దాని పిల్లలు ఒడలినిండ బొచ్చుతో, తెఱచిన కన్నులతో పుట్టును. దానిని వేటాడుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించుచున్నది. గూళ్ళలో పెరుగునది దాని దూరపు జ్ఞాతి. దాని పూర్వులది ఐరోపా నైరృతిమూల నున్న స్పెయిను, పోర్చుగలు సీమ. అది బొఱియలలో కాపురముండు ప్రాణి; దాని పిల్లలు బోడియొడలితో, మూసిన కన్నులతో నేలలోపలి చీకటిలో పుట్టును. చల్లని బొఱియకు అలవాటుపడిన యీ జంతువు మనవలె చెమటపోసి ఒడలు చల్లార్చుకొనలేదు. చెవులలోని రక్తనాళముల మూలమున వేడిని వెలికి పంపుకొనును. గాలి వేడిమి 30 డిగ్రీలు దాటినచో అది సొలయును. మగదాని బీజశక్తి కొన్ని వారములపాటు సన్నగిల్లును. నెల్లూరు మెట్టలో వేసవి వేడిమి 40 డిగ్రీలు దాటుననుట ఎవరికిని చెప్పవలసిన పని లేదు.

రాజస్థానములోని అవికానగరమందు కేంద్ర గొఱ్ఱెల, ఉన్ని పరిశోధన సంస్థ యున్నది. ఆ సంస్థవారు దక్షిణదేశమున తమ ప్రాంతీయకేంద్రమును కొడైకెనాల్ కొండలలోని మన్నవనూరున నెలకొల్పి, అచ్చట కుందేళ్ళను పెంచుచున్నారు. ఉన్నినిచ్చు అంగోరా కుందేళ్ళకు వారు ఎన్నుకొన్నది హిమాచలప్రదేశమందలి కులూ లోయ. విజ్ఞులు చల్లని కొండలను వెదకికొని పోయిన పనికి, మనవాడు రేకుల పందిరిని నమ్ముకొనుచున్నాడు. మెట్టప్రాంతమున కుందేలు బ్రదుకనే బ్రదుకదని నేననుట లేదు. రేకులకు మారుగా తాటాకు కప్పును, చెట్టునీడను, తడిపిన గోనెపట్టలను, మధ్యాహ్నవేళ కనిపెట్టుకొని యుండు మనిషిని సమకూర్చినచో బ్రదుకును. కాని వ్యాపారి నోటిలెక్కలో ఈ ఖర్చులేవియు లేవు.

ఆ లెక్కను గూర్చి కొంచెము విచారింతము; ఉపాధ్యాయులకు ఇందు మంచి పాఠము గలదు. కుందేలు గర్భమును మోయుకాలము సుమారు 31 దినములు. ఈతకు ఆరు పిల్లలు, ఏటికి ఐదు ఈతలు అనుకొనినచో ఒక ఆడకుందేలు ఏడాదిలో 30 పిల్లలను పెట్టును. వానిలో సగము ఆడవి. తల్లితో కలిపి 16 ఆడకుందేళ్ళు రెండవయేట 480 పిల్లలను పెట్టును. వానిలో సగమును, పాతవియు కలిసి 256 ఆడకుందేళ్ళు కాగా, మూడవయేట పుట్టు పిల్లల సంఖ్య 7,680. పలకమీద ఈ అంకె పడుసరికి తల తిరుగును. కుందేలి మోజునకు దాని బొచ్చుకంటె ఈ గుణకారమే పెద్ద కారణమని నేను తలంచుచున్నాను.

ఈ లెక్క కొత్తది కాదు. ఇటలీలోని పీసా నగరవాసియగు లియొనార్డో 1202లో తన గణితగ్రంథమున కుందేళ్ళ జంటను గూర్చియే ఒక లెక్క వేసినాడు. జంట నెలకొక జంటను కనుననియు, పుట్టిన జంట రెండవనెలనుండి తానును కనుననియు అనుకొనినచో, ఏడాది తిరుగుసరికి 377 జంటలగునని తేల్చినాడు. ఆయన్ని మనము నేడు ఫిబొనాచ్చి యని పిలుచుచున్నాము. విశేషమేమనగా, ఆ సంఖ్యాక్రమమును అంతకుముందే మన ఛందశ్శాస్త్రజ్ఞులు కనుగొనిరి. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు. ఇన్ని మాత్రల పాదమును లఘుగురువులతో ఎన్ని విధముల నింపవచ్చునని విరహాంకుడును, పండ్రెండవ శతాబ్దమున హేమచంద్రుడును లెక్కించిరి. మూడు మాత్రలకు 3 విధములు, నాలుగింటికి 5, ఐదింటికి 8. ఛందస్సున ఈ లెక్క తప్పదు. గురులఘువులు మేత తినవు, రోగపడవు, ఎండకు సొలయవు. లియొనార్డో కుందేళ్ళును అట్టివే. వానికి చావు లేదు. కాగితపు కుందేలిని గూటిలోని కుందేలిగా నమ్మించుటయే వ్యాపారి నేర్పు. 7,680 పిల్లలు పుట్టుననువాడు 7,680 నోళ్ళకు మేత యెచ్చట అని చెప్పడు. అన్నిటిని తినువారెవరని అసలే చెప్పడు. మన యూళ్ళలో విందు అనగా పొట్టేలి మాంసము, కోడికూర. కుందేలి మాంసమునకై సంచి పట్టుకొని వచ్చు గిరాకీ యెందరు? అమ్మినవాడు తిరిగి కొనినంతకాలమే గిరాకీ. అతడు దుకాణము కట్టివేసిననాడు లెక్కయు ముగిసినదే.

ఇది మన దేశమునకే చెందిన బలహీనత కాదు. జపానులో మెయిజీ పాలన ఆరంభదశలో, 1872, 1873 ప్రాంతమున, టోక్యోనగరవాసులను కుందేళ్ళ పిచ్చి పట్టుకొన్నది. విదేశములనుండి వచ్చిన కుందేళ్ళకు, వాని మచ్చల తీరునుబట్టి, విపరీతమైన ధరలు పలికినవి. మన కోరమాండల్ తీరపు అద్దకపు వస్త్రములను ఆ దేశమువారు 'సరస' అని పిలుచుకొనెడివారు. ఆ వస్త్రమువలె చుక్కలు గల కుందేలిని సైతము ఆ పేరుతోనే పిలిచి నెత్తినపెట్టుకొనిరి. కొనువాడు పెంచుటకు గాక, మరొకనికి హెచ్చుధరకు అమ్ముటకే కొనెను. కడకు 1873 డిసెంబరులో ప్రభుత్వము కుందేలొక్కటికి నెలకు ఒక యెన్ చొప్పున పన్ను విధించెను. ధరలు కుప్పకూలెను. నిన్నటి దొరబిడ్డ నేడు పన్నుభారమయ్యెను. ముద్దుచేసిన చేతులే వానిని వదిలించుకొనెను. అటుపిమ్మట పాతికేండ్లకు, 1900 ప్రాంతమున, అమెరికాలోని లాస్ ఏంజిలెస్ పరిసరములందు బెల్జియం కుందేలను పేరుగల జాతిపై అట్టి మోజే చెలరేగి, కొలది సంవత్సరములలోనే చల్లారెను. పాఠము ఒక్కటియే. పెంపకందార్లు ఒకరికొకరు అమ్ముకొనినంతకాలము ధర పెరుగును. తినువాడో, కట్టుకొనువాడో, పాలు త్రాగువాడో చివర లేనిచో ఆ ధరకు పునాది లేదు.

జపాను, అమెరికా మనకు దూరమనుకొనువారికి దగ్గర యుదాహరణము చూపెదను. 1990ల చివరిభాగమునుండి ఆంధ్రదేశమున ఈము పక్షుల పెంపకము వ్యాపించెను. ఆ పక్షి ఆస్ట్రేలియా వాస్తవ్యము, మనిషియెత్తు పెరుగును, ఎగురలేదు, ముదురాకుపచ్చ గ్రుడ్లు పెట్టును, గ్రుడ్లను పొదుగునది మగపక్షి. చూచినవారెల్లరు వింతపడిరి. మాంసమునకు గిరాకీ యున్నదనియు, కొవ్వునుండి తీయు నూనె ఔషధమనియు, తోలు, ఈకలు, గ్రుడ్డు పెంకు సైతము డబ్బేననియు ప్రచారము సాగెను. పొలము గట్టున కంచె వేసి, అప్పు తెచ్చి, జంటలు కొన్న రైతులు మన జిల్లాలలో పెక్కుమంది. తమిళనాడున ఈరోడు జిల్లా పెరుందురైలో ఈ వ్యాపారము మహావృక్షమై, 2012 ఆగస్టులో వ్రేళ్ళతోసహా కూలెను.

అచ్చటి సంస్థ యొకటి నడపిన పథకము పత్రికలలో వెల్లడియైనది. లక్షన్నర రూపాయలు కట్టినవారికి ఆరు పక్షిపిల్లలనిచ్చి, మేపినందుకు నెలకు ఆరువేలును, ఏడాదికి మరి యిరువదివేలును ఇత్తుమని మాట యిచ్చిరి. ఎనిమిదవ తరగతి విద్యార్థి ఈ లెక్క చేయగలడు. పండ్రెండు నెలలకు 72,000; అదనము 20,000; మొత్తము 92,000. అనగా నూటికి ఏడాదికి 61 రూపాయలకు పైగా రాబడి! ఈము గ్రుడ్డు పెట్టుటకు దాదాపు రెండేండ్లు పట్టును. గ్రుడ్డు పెట్టని పక్షి మొదటినెలనుండియే ఆరువేలెట్లు సంపాదించెను? సంపాదించినది పక్షి కాదు. వెనుక వచ్చినవాని లక్షన్నరలోనుండి ముందు వచ్చినవానికి ఆరువేలు ముట్టినవి. వెనుక వచ్చువాడు తగ్గిననాడు ఆరువేలు నిలిచినవి. ఈ చిన్న ప్రశ్నను అడుగుటకు ఉన్నతవిద్య అక్కఱలేదు. అడిగి తీరవలెనను అలవాటు కావలెను.

డబ్బు పోయినవారి దుఃఖమును పత్రికలు వ్రాసినవి. నా మనస్సును కలచివేయునది మరియొక సంగతి. సంస్థలు మూతపడగా ఆవరణలలోని పక్షులకు మేత వేయు దిక్కు లేకపోయెను. ఎన్నో ఆకలితో చచ్చినవి. ప్రభుత్వ పశుసంవర్ధకశాఖవారు పోయి మేత వేయవలసివచ్చెను. ఆ పక్షులు ఎవరిని మోసగించినవి? సముద్రములకావలి జాతిని తెచ్చి, మన కంచెలో పెట్టి, ధర పోయినదని మేత మానుట యే ధర్మము? బేరము చెడినను జీవము చెడలేదు. దాని ఆకలి మరునాటి ఉదయము మరల మొదలగును. 'జీవాలు' అను మాటను వాడుకొను మెట్టరైతు ఈ సూక్ష్మమును ఎఱుగును. గొఱ్ఱె ధర పడిపోయిన యేడును అతడు మందను బీటికి తోలుకొనిపోవును.

ఇంతటితో, "కొత్తది ఏదియు వలదందువా?" యని యువకులు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మన కూరలోని మిరపకాయ అమెరికా ఖండముల బిడ్డ, వేరుసెనగయు అంతే. కొత్తవానిని రానీయనిచో మన వంటయిల్లే యిట్లుండెడిది కాదు. కొత్త జంతువును చూచి మురిసి కొని, ఆ మురిపెముతో ఒక దేశపు సంపదనే మార్చినవారును గలరు. ఆ కథకు మూలము మన జిల్లా పేరులోనే యున్నది.

బ్రెజిలు దేశమున నేడు ఇరువది కోట్లకు పైగా పశువులున్నవి. వానిలో అధికభాగము 'నెలోర్' జాతి రక్తము గలవి. ఆ పేరు మన నెల్లూరే. ఆ జాతి మన ఒంగోలు జాతియే. పశువులు ఓడయెక్కిననాటికి ఒంగోలు సీమ నెల్లూరు జిల్లాలో నుండెను. 1904లో గుంటూరు జిల్లా యేర్పడినపుడు అందు చేరెను. కనుకనే మూపురమూ తెలుపురంగూ ఒంగోలువైనను, పేరు నెల్లూరుది అయినది. 1868లో ఓడలో వచ్చిన రెండు పశువులు బ్రెజిలులోని సాల్వడారు రేవున అమ్ముడుపోయెనని ఆ జాతి చరిత్రలో వ్రాసికొనిరి. పదేండ్ల తరువాత, 1878లో, మనోయెల్ ఉబెల్‌హార్ట్ లెంగ్రూబర్ అను రియో ప్రాంతపు పశువుల పెంపకందారు జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాలలో నున్న ఒంగోలు జంటను కొని తన దేశమునకు తీసికొనిపోయెను. ప్రదర్శనశాలలోని జంతువును కొనుటకంటె మోజు మరియేమి కావలెను? అయినను ఆ మోజు ఫలించినది. ఏల?

మొదటి కారణము, జంతువు ఆ నేలకు సరిపడినది. ఎండను, పురుగుపుట్రను, ముదురు గడ్డిని ఓర్చుకొను గుణము దానికి మన మెట్టయే నేర్పినది. బ్రెజిలు బీళ్ళును అట్టివే. రెండవది, చివరకు కొనువాడొకడున్నాడు. ఆ దేశమువారు దాని మాంసమును తిందురు. మూడవది, కొన్నవారు వంశవృక్షములు వ్రాసికొనిరి, మేలైనవానిని ఏర్చిరి, 1938లో ఈ జాతుల వంశావళి నమోదును ఆరంభించిరి. మోజుతో మొదలైనది శ్రమతో నిలిచినది. 2023లో వియాటినా-19 అను నెలోర్ ఆవులో మూడవవంతు వాటా అమ్ముడుపోయిన ధరనుబట్టి, దాని మొత్తము విలువ సుమారు 43 లక్షల డాలర్లని తేలినది. ఆ వార్తను చదివి మనవారు పొంగిపోయిరి.

అయితే అచ్చటను అంతయు వివేకమే నడువలేదు. ఉబెరాబా ప్రాంతమున మన దేశపు గీరు, కాంక్రేజీ మొదలగు జాతులను కలిపి ఇండుబ్రసిల్ అను కొత్తజాతిని సృష్టించిరి. దానికి మిక్కిలి పొడవైన చెవులు. చెవి యెంత సాగినచో ధర యంత సాగెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ధరలు ఆకాశమునంటి, 1945 ప్రాంతమున నేలబడినవి. పొడుగుచెవుల మోజు చల్లారిన పిమ్మట నిలిచి గెలిచినది పొట్టిచెవుల నెలోరే. కుందేలి చెవులను చూచి మురియువారు ఈ చెవుల కథను మఱువరాదు. చెవిని చూచి కొనినవాడు ఓడెను. కాలిని, కడుపును, కాన్పును చూచి కొనినవాడు నిలిచెను.

ఇక మనయింటి సంగతి. పరదేశమున మన పశువు పలికిన ధరకు చప్పట్లు కొట్టుచున్నాము. పక్కయింటి పుల్లకూర రుచియని మన యింట మాత్రము ఈముకును, పొడుగుచెవుల కుందేటికిని అప్పు తెచ్చుచున్నాము. మర్రిపాటి బీళ్ళలో మేయు గొఱ్ఱెను తిరిగి చూచినవారెందరు? నెల్లూరు గొఱ్ఱె భారతదేశపు గొఱ్ఱెజాతులలో ఎత్తున మొదటిది. దానికి ఉన్ని లేదు, పొట్టి వెండ్రుకయే. మాంసమునకు పేరుపొందిన జాతి. తెల్లనిది పల్ల, తెలుపుపై మూతికడను, కన్నులకడను నల్లమచ్చలున్నది జోడిపి, గోధుమవన్నెది దొర. ఎండలో మైళ్ళకొలది నడచును. కోతలైన మాగాణిలో మంద కట్టించుకొన్న రైతునకు ఎరువునిచ్చును. మంద యజమానికి ధాన్యమో, పైకమో తెచ్చును. దీనికి వ్యాపారి ప్రకటన లేదు. తిరిగి కొందుమను వాగ్దానమును అక్కఱలేదు, కొనువాడు ప్రతి యూరను ఉన్నాడు. దీని పెంపకమునకు కావలసినది మేలైన విత్తనపు పొట్టేలును ఎన్నుకొనుట, వేళకు టీకాలు, బీడును కాపాడుకొనుట. ఇవి మురిపించు పనులు కావు. అందుచేతనే కాబోలు వీనికి అప్పు తెచ్చువారు తక్కువ!

ఏ జంతువును కొనుటకు ముందైనను మూడు ప్రశ్నలు అడుగవలెనని నా మతము. మొదటిది: పెంపకందారుకు గాక, దీనిని చివరకు వాడుకొనువానికి అమ్మగలనా? వాడెచ్చట ఉన్నాడు, యేమి ధర యిచ్చును? రెండవది: నా యెండను, నా నీటిని, నా మేతను ఇది ఓర్చుకొనునా? ఓర్చుకొనుటకు నేను చేయవలసిన ఖర్చెంత? మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: బేరము చెడిననాడు దీని గతి యేమి? దీనిని నేను మేపగలనా? మొదటి రెండు ప్రశ్నలు కొనువాని సంసారమును కాపాడును. మూడవది అతని మనుష్యత్వమును కాపాడును. మూడింటికి సమాధానము దొరికినచో కుందేలినే కొనవచ్చును, సందేహము లేదు. చిన్న సంఖ్యతో మొదలుపెట్టి, ఒక వేసవి గడచువరకు ఆగి, తన యూరిలో నాలుగిండ్లవారు మాంసము కొందురో లేదో తెలిసికొని పెంచువానిని ఎవరును తప్పుపట్టరు.

"పేదవానికి ఆశయే పెట్టుబడి; దానిని కూడ తీసివేయుదువా?" యని కొందరు అడుగుదురు. ఆశను తీసివేయుట కాదు, ఆశను అమ్ముకొను వ్యాపారినుండి పేదవానిని కాపాడుటయే నా కోరిక. ధనికుడు మోజుపడి చెడినచో ఒక సరదా పోవును. మెట్టరైతు మోజుపడి చెడినచో పొలము తాకట్టు పోవును, పిల్లవాని చదువు ఆగును. మోసమని తేలినపిమ్మట శిక్షించుట ప్రభుత్వము పని. మోసపోకమునుపే ప్రశ్న నేర్పుట బడి పని.

కనుక ఉపాధ్యాయులకు నా విన్నపమొకటి. గుణకారశ్రేఢిని బోధించునాడు కుందేళ్ళ లెక్కను పలకమీద వేయింపుడు. 7,680 వచ్చిన వెంటనే ఆపక, వానికి దినమునకు మేతయెంత, గూళ్ళెన్ని, కొనువారెందరు అని తరువాతి లెక్కను కూడ చేయింపుడు. వడ్డీలెక్క చెప్పునాడు నూటికి అరువదియొకటి యెచ్చటనుండి వచ్చునో వెదకింపుడు. జీవశాస్త్రము చెప్పునాడు ఊరిబయటి మందను చూపి, పల్లయేదో జోడిపి యేదో పిల్లలచేతనే గుర్తింపజేయుడు. మందకాపరిని 'తాతా' యని పిలిచి, విత్తనపు పొట్టేలును ఎట్లు ఎన్నుకొందువని అడిగింపుడు. పుస్తకములో లేని పాఠము ఆ తాత నోటినుండి వచ్చును.

విద్యార్థులారా! రేపు మీ యొడిలోనికి ఎవరో ఒక మెత్తని ప్రాణిని తెచ్చి పెట్టుదురు. దాని ముద్దును చూచి మురియుడు. మురియుట మీ హక్కు. వెంటనే దానిని క్రింద దింపి, కాగితమును, కలమును తీసి, మూడు ప్రశ్నలను వ్రాసికొనుడు. సమాధానము చెప్పలేని వ్యాపారికి దండము పెట్టి పంపివేయుడు. సమాధానము దొరికి కొనినచో, ఆనాటినుండి అది బేరము కాదు, మీ యింటి జీవము. ధర పెరిగినను, తరిగినను తెల్లవారగనే దానికి మేత వేయవలసినవారు మీరే.